ఆరో డోసుకి సంతకం

"వెంట మనిషి సంతకం లేకుండా మందెక్కించం. ఐదుసార్లొచ్చారు, ఇంకా కొత్తా మీకు?" నర్సు రోజారమణి ఫైలు తిరిగి వీరన్న చేతిలో పెట్టేసింది.

"వత్తాడమ్మా మా బావ. ఎప్పుడూ నాకంటే ముందే ఉంటాడు. ఇయ్యేలే ఏటయ్యిందో!"

"పదకొండు దాటితే బెడ్డు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. మీ అబ్బాయిని రమ్మనండి."

"ఆడు వేటకెళ్ళాడు. బోటు రావాలంటే ఇంకా నాలుగురోజులు."

వీరన్న బెంచీ మీద కూలబడ్డాడు. గురునాథరావు నిజానికి బావేం కాదు. కులం వేరు, ఊరు వేరు. మొదటి కీమో డోసు రోజు వీరన్న ఇలాగే సంతకానికి మనిషి లేక గొడవపడుతుంటే, డాక్టరు గదిలోంచి బయటికొస్తున్న గురునాథరావు "నాను ఈయన బావనమ్మా" అని బొంకి సంతకం గీకేశాడు. వాంతులయితే బకెట్ పట్టిందీ అతనే. రెండో డోసుకి రానని మొండికేస్తే ఫిషింగ్ హార్బరుకొచ్చి, వల కుట్టుకుంటున్నవాణ్ణి లేపి ఆటో ఎక్కించిందీ అతనే. ఇంట్లో ఎవరికోసమో ఆస్పత్రికి తిరుగుతున్నాడు, పనిలోపనిగా తననీ చూస్తున్నాడు అనుకున్నాడు వీరన్న.

పదకొండుకి ఐదు నిమిషాలుంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడంలేదు. పరాయివాడు పరాయివాడే అనిపించి వీరన్నకి కడుపు మండిపోయింది. లేచి గుమ్మంవైపు నడిచాడు. మళ్ళీ ఈ గడప తొక్కదల్చుకోలేదు. బతికి ఎవర్ని ఉద్ధరించాలి?

గుమ్మంలో ఒకమ్మాయి రొప్పుతూ ఎదురొచ్చింది.

"వీరన్న మావయ్యేనా? నేను జ్యోతిర్మయిని, గురునాథరావుగారి అమ్మాయిని. మధురవాడ నుంచొస్తున్నాను. నాన్న పంపించారు."

రోజారమణి ఫారం ముందుకి తోసింది. "పేషెంటుకి ఏమవుతారు?"

"మేనకోడల్ని," అంటూ సంతకం పెట్టేసింది.

పది నిమిషాల్లో సూది గుచ్చి సీసా తగిలించారు. వీరన్నకి కోపం మాత్రం దిగలేదు.

"ఆకరి డోసని తెలిసి కూడా రాలేదు సూడు! మీ ఇంట్లో జబ్బు మనిసి కంటే నాను లోకువయిపోనానా?"

"మా ఇంట్లో జబ్బు నాన్నకే మావయ్యా. ఇంక మందు పనిచెయ్యదని ఆయన్ని ఇంటికి పంపేసింది మీ మొదటి డోసు రోజే."

వీరన్న లేవబోయాడు. ఆమె భుజం పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టింది. సీసాలో మందు చుక్క చుక్కగా దిగుతోంది.

"మరి ఇప్పుడు... ఇప్పుడేటి సేత్తన్నాడమ్మా బావ?"

జ్యోతిర్మయి సీసా వంకే చూస్తూ చెప్పింది.

"మీకు మందెక్కించాకే తన పాడె లేపాలని నిన్న నాచేత ఒట్టేయించుకున్నారు. ఇంటిముందు పడుకోబెట్టి వచ్చాను, మావయ్యా."