ఎర్త్

"నీ పనికి ఎర్త్ పెట్టింది మీ అక్కే. కళ్ళారా చూశాను," అని చెల్లెలి చెవిలో ఊది, ఫిట్టర్ బాబాయ్ ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

చెల్లెలు పని ఆపేసింది. ఉపగ్రహానికి బంగారు రంగు దుప్పటి కుట్టి, కప్పి, సీలు వేసింది తనే. పొద్దున చూస్తే ఆ సీలు తెగి ఉంది. నిన్న సాయంత్రం అక్క ఉపగ్రహం ఉన్న గదిలోకి వెళ్ళడం చూసింది కూడా. అక్క కదా, ఎందుకో వెళ్ళి ఉంటుందిలే అనుకుని ఇంతసేపూ నోరు మెదపలేదు.

చీఫ్ మేడమ్ అక్కాచెల్లెళ్ళిద్దరినీ ఉపగ్రహం ముందే నిలబెట్టింది.

"పైన విద్యుత్ కణాలు దోమల్లా ముసురుకుంటాయి. దుప్పటి మీద విద్యుదావేశం పేరుకుంటూ పోతుంది. అది దిగే దారి లేకపోతే ఒక్క మెరుపు చాలు, లోపలున్నదంతా మాడిపోతుంది. ఇది మీకు తెలియక కాదు. సీలు ఎవరు విప్పారు? చెప్పకపోతే దుప్పటి వేసినదాన్నే ఇంటికి పంపిస్తాను."

అక్క నేలచూపులు చూస్తోంది. తనకు సూది పట్టడం నేర్పిన చేతులు ఇంత పని చేశాయా!

"మా అక్కే మేడమ్!" చెల్లెలు వేలెత్తి చూపింది. "నేను పైకొస్తున్నానని ఓర్వలేకపోయింది. తోడబుట్టినదాన్నని కూడా చూడలేదు."

అక్క తలెత్తింది. "ఏమంటున్నావే?"

"నటించకు. నాకంతా తెలిసింది."

"సీలు విప్పింది నువ్వేనా?" మేడమ్ అడిగింది.

"నేనే."

"ఎందుకు?"

అక్క చెల్లెలి మొహంలోకి చూసింది.

"ఎందుకైతే ఏముందిలెండి."

"సీలు ముట్టుకున్నవాళ్ళకి ఇక్కడ చోటు లేదు. నీకు తెలుసు."

అక్క మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. తలుపు దగ్గర ఆగి, "కోపంలో అన్నం మానకు," అంది. వెనక్కి తిరగలేదు.

మేడమ్ దుప్పటి అంచు ఎత్తి మీటరు పెట్టింది. ఒకటికి రెండుసార్లు చూసింది. "ఏమీ చెడలేదే! అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

చెల్లెలు వరండాలోకి పరుగెత్తింది. ఫిట్టర్ బాబాయ్ ఖాళీ ట్రాలీతో ఎదురొచ్చాడు.

"బాబాయ్, అక్క నాకు ఎర్త్ పెట్టిందన్నావు?"

"నీకెందుకు పెడుతుందే పిచ్చిదానా? నీ పనికి! దుప్పటికి నువ్వు కలపడం మర్చిపోయిన ఎర్త్ తీగ, నీ ఉద్యోగం పోతుందని ఆవిడే కలిపి పెట్టింది."