బూడిద పరుపు

అద్దం వెనక గుళికలు టిక్కు టిక్కుమంటూ గిన్నెలో పడుతున్నాయి. కాస్త పొగ లేచింది. మంట మాత్రం రాలేదు.

కొరీన్ ట్రక్కు తాళాలు చేత్తో పట్టుకుని, కోటు కూడా విప్పకుండా పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది.

"వెలగవే తల్లీ, పనికి ఆలస్యమైపోతోంది," అని బతిమాలింది.

ఫ్యాను గుర్రుమంది. ఆఖరికి ఎర్రదీపం వెలిగింది. రోజూ వెలిగేది అదొక్కటే.

ఇది రంపపు పొట్టు గుళికల పొయ్యి. బటన్ నొక్కితే గుళికలు వాటంతటవే గిన్నెలోకి జారతాయి, వెనకున్న కడ్డీ వేడెక్కి వాటిని అంటిస్తుంది. కట్టెలు మోసే పని లేదు.

అత్తగారు డెలీమా కుడిభుజం అరిగిపోయిందనీ, ఇంకొక్క చలికాలం కట్టెలు మోస్తే ఆ చెయ్యి ఇక లేవదనీ డాక్టరు చెప్పాడు. ఆ వారమే కొరీన్ దీన్ని ఇంటికి తెచ్చింది. పాత కట్టెల పొయ్యి కొట్టంలోకి వెళ్ళిపోయింది.

అంతకుముందు డెలీమా చల్లారిన పాత పొయ్యి ముందు కాసేపు ఒక్కతే కూర్చుంది.

సాయంత్రం డెలీమా కోళ్ళను మూయడానికి వెళ్ళిన వేళకి ఆవిడ కొడుకు రేయాల్ మిల్లు నుంచి వస్తాడు. గిన్నె బోర్లించి, దులిపి, బటన్ నొక్కుతాడు. భగ్గున మండుతుంది.

"నీ మీదే అలిగిందే ఇది," అని పెళ్ళాన్ని చూసి నవ్వుతాడు. "మా లోయ పొయ్యికి పోర్ట్‌లాండ్ పట్నం పిల్ల చెయ్యి పడటం లేదు."

కొరీన్‌కి ఒళ్ళు మండేది. ఆ ఇంట్లో పొద్దుటిపూట మండేది అదొక్కటే.

కడ్డీ మార్చింది. పొగగొట్టం దులిపింది. గాలి దూరుతోందేమోనని పొయ్యి తలుపు సందులో కాగితం పెట్టి లాగి చూసింది. గుళికలు చెమ్మగిల్లాయేమోనని కొత్త బస్తా విప్పింది. లేవగానే గిన్నె అద్దంలా తుడిచేది. బయటికెళ్ళి ట్రక్కు మీద మంచు గీకి వచ్చి, దేవుడికి దణ్ణం పెట్టుకుని బటన్ నొక్కేది.

పొగ. ఎర్రదీపం.

నది అవతల కెనడా నుంచి చలిగాలి మొదలైంది.

"శనివారం పాత పొయ్యి లోపలికి తెచ్చేస్తా," అన్నాడు రేయాల్. "పగలంతా అమ్మ వణికిపోతోంది."

"కట్టెలో?"

"నేను మోస్తాగా."

"నువ్వు మిల్లుకెళ్ళాక?"

ఇద్దరూ డెలీమా వైపు చూశారు. ఆవిడ ఎడంచేత్తో అట్టుకి వెన్న రాస్తోంది.

శనివారం పొద్దున కొరీన్ గిన్నె తుడిచి బయటికెళ్ళింది. చేతితొడుగులు మరిచిపోయి వెంటనే వెనక్కి వచ్చింది.

పొయ్యి ముందు డెలీమా మోకాళ్ళ మీద ఉంది. ఒళ్ళో పాత కాఫీ డబ్బా. అందులోంచి చెంచాతో బూడిద తీసి గిన్నెలో పోసి, వేళ్ళతో మెత్తగా అదుముతోంది.

కొరీన్ గబగబా దగ్గరికి వచ్చింది.

"ఎందుకు మెమే?" ఆ ఊళ్ళో పెద్దావిడలందరూ మెమేలే. "నచ్చకపోతే నా మొహం మీదే చెప్పాల్సింది."

డెలీమా ఉలిక్కిపడి డబ్బాకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నచ్చకపోవడమేంటే పిచ్చిదానా? నిప్పు కింద పరుపు వెయ్యడం రోజూ మరిచిపోతున్నావు. ఒట్టి ఇనుము మీద నిప్పు నిలుస్తుందా? కట్టెల పొయ్యిలో బూడిదంతా ఎత్తేస్తారా ఎక్కడైనా? వాడి ముందు అంటే నీకు చిన్నతనమని, నువ్వు బయటికెళ్ళినప్పుడు వేస్తున్నా."

కొరీన్ గిన్నెలోకి తొంగి చూసింది. గాలి రావలసిన కన్నాలన్నీ నిండుగా, శ్రద్ధగా మూసుకుపోయి ఉన్నాయి.

"ఈ బూడిద ఎక్కడిది?"

"పాత పొయ్యిది. ఆఖరి నిప్పుది." డెలీమా డబ్బా మూత కోసం తడుముకుంది. "మా అమ్మ పొయ్యిలోంచి గుప్పెడు తెచ్చుకునే ఈ ఇంట్లో నిప్పు రాజేశా నేను. నీ చేతికిద్దామనుకున్నా. నవ్వుతావేమోనని..."

కొరీన్ నవ్వలేదు. పక్కనే చతికిలబడి, బూడిద అంటిన ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. ఎంత ప్రేమగా చెడగొట్టింది మహాతల్లి!

కాసేపటికి గిన్నె దులిపింది. దాని కింద బూడిద రాలే సొరుగును బయటికి లాగింది.

"పరుపు ఇక్కడ వేద్దాం మెమే. పైన వేస్తే దీనికి ఊపిరాడటం లేదు."

డెలీమా డబ్బా మొత్తం సొరుగులో ఒంపింది. మూలలదాకా తనే సర్దింది.

"మీరే నొక్కండి," అంది కొరీన్.

టిక్కు టిక్కు. పొగ. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

మంట లేచింది.

పాత పొయ్యి కోసం తోపుడుబండి తీసుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు రేయాల్. "అరె, వెలిగిందే! ఏమొచ్చిందట దీనికి?"

డెలీమా నోరు తెరిచింది. కొరీన్ ముందే అందుకుంది.

"నేనే రోజూ ఒకటి మరిచిపోతున్నా. మెమే చూసి చెప్పింది."

"అన్నానా! తప్పంతా నీ చేతిదేనని అన్నానా!"

"చాల్లే సంబడం," అంది డెలీమా కొడుకుతో. "ముందా బండి తీసుకెళ్ళి కొట్టంలో పడెయ్. తలుపు వేసుకుని మరీ వెళ్ళు, వెచ్చన పోతుంది."

క్రిస్మస్ దగ్గర పడేసరికి సొరుగు నిండింది. రేయాల్ దాన్ని లాగి బకెట్లో బోర్లించబోయాడు.

వంటింట్లోంచి రెండు గొంతులు ఒక్కసారే వచ్చాయి.

"ఒక గుప్పెడు ఉంచు."