కప్పులోంచి దిగినవాడు

విటాలిస్ చనిపోయాడన్న కబురు అతని నడికట్టుతో పాటు వచ్చింది. ఉత్తరాన సరిహద్దు గోడ కాపలా కాస్తున్న దండు నుంచి వచ్చిన సిపాయి దాన్ని గుమ్మంలో పెట్టి, ముఖం చూపించలేక వెళ్లిపోయాడు.

తల్లి ప్రిస్కా రోము నగరంలో పుట్టిన మనిషి. గుండె పగిలినా పద్ధతి తప్పదు. కొడుకు పేరు గొంతు పోయేదాకా పిలిచింది. శవం లేకపోతేనేం, నడికట్టునే చితి మీద పెట్టి కాల్పించింది. ఆ బూడిదను ఊరి బయట బాట పక్కన పూడ్పించింది.

"నీ కడుపున ఒక్క కాయ కాసినా వాడి గుర్తు మిగిలేదే," అని కోడల్ని పట్టుకుని ఏడ్చింది.

కోడలు ఎనికా బ్రిటన్ పిల్ల. కాపురానికి వచ్చి చాలా ఏళ్లయింది. ఆ మాట ఆమెకు కొత్తకాదు. కళ్లు తుడుచుకుని నేరుగా ఊటతల్లి దగ్గరికి పోయింది. నేలలోంచి వేడినీళ్లు ఉబికే ఆ మడుగులోనే తల్లి ఉంటుందని ఆమెవాళ్ల నమ్మకం. ఆవిరిలో మోకాళ్ల మీద కూర్చుని మొక్కుకుంది. మడుగు ఒక్కసారి బుడబుడమని పొంగి, సద్దుమణిగింది. తల్లి విన్నదన్నమాట.

"ఏం మొక్కావే?" అని అడిగింది అత్త.

"బయటికి చెబితే చెల్లదు అత్తయ్యా."

"మీ తల్లి ఊరికే ఏదీ ఇవ్వదంటారుగా."

"నేనూ తక్కువదాన్నేం కాదు. చూసుకునే బేరమాడానులే," అంది ఎనికా. కబురు వచ్చాక ఆమె పెదాల మీద నవ్వు కనిపించడం అదే మొదలు.

మర్నాడు చూలుమేకను పక్కింటి కాతియాకు ఊరికే ఇచ్చేసింది. పొదుగుతున్న కోడిపెట్టను కూడా గంపతో సహా అప్పగించింది. మొగుడితోపాటు దీని మతీ పోయిందని కాతియా జాలిపడింది. జాలిపడుతూనే మేకను కట్టేసుకుంది.

మంచు కరిగే రోజుల్లో, ఒక ముసురు పట్టిన ఉదయం, కర్ర ఊతంతో ఒక బక్క మనిషి వాకిట్లోకి వచ్చాడు. ఎనికా చేతిలోని పిండిగిన్నె కింద పడింది. పరుగెత్తి వెళ్లి అతన్ని వాటేసుకుంది. ఎముకలు గుచ్చుకున్నాయి. అయినా వదల్లేదు.

"నడికట్టు కొట్టేసినవాడు పోయాడే, నేను కాదు," అన్నాడు విటాలిస్. "గాయంతో పడి ఉంటే గొర్రెల కాపర్లు బతికించారు."

కేకలు విని ప్రిస్కా వచ్చింది. కొడుకును చూసి గోడ పట్టుకుంది. అతను గుమ్మం వైపు కాలు వేయగానే మాత్రం రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఆగరా! గడప తొక్కకు!"

"అమ్మా, నేనే."

"నువ్వని తెలీకనా? చచ్చాడని ఏడ్చి చితి కాల్చాం. అలాంటివాడు గుమ్మంలోంచి వస్తే చావునీ వెంటబెట్టుకొస్తాడు. కప్పులోంచి దిగాలి. మావాళ్ల ఆచారం."

"వానలో ఇల్లు పీకమంటావా అత్తయ్యా?"

"పీకు."

ఎనికా పకపకా నవ్వింది. ఆ క్షణాన కప్పేమిటి, గోడలు కూడా పీకేసేది. తనే నిచ్చెన వేసుకుని పైకెక్కి రెల్లుగడ్డి లాగేసింది. మొగుణ్ని మెల్లగా పైకెక్కించి, తాడు కట్టి లోపలికి దించింది.

"మెల్లిగా దిగవయ్యా, నిన్ను మళ్లీ కాటికి పంపే ఓపిక లేదు."

కింద స్నానం చేయించాలంటూ ప్రిస్కా పొయ్యి రాజేయబోయింది.

"ఎందుకత్తయ్యా? తల్లి నీళ్లు వేడిగానే ఉంటాయిగా," అని ఎనికా మడుగుకు పరుగెత్తింది. బిందెలు ముంచుతూ ఊటతల్లికి వెయ్యి దండాలు పెట్టింది. నీళ్లు మోసుకొచ్చి తొట్టి నింపింది.

ప్రిస్కా కొడుక్కి తలంటింది. పొయ్యి పక్కన పడుకోబెట్టి, తెల్లటి ఉన్నిగుడ్డలో మెడ నుంచి పాదాల దాకా చుట్టింది.

"అమ్మా, ఊపిరాడటం లేదు."

"నోర్మూసుకో. నీకింకా మాటలు రాలేదు."

విటాలిస్ నవ్వాడు. ఎనికా అతని తల ఒళ్లో పెట్టుకుని తేనె కలిపిన పాలు నోట్లో చుక్కచుక్కగా వేసింది. ఇంత సుఖం మళ్లీ దొరుకుతుందని ఆమె అనుకోలేదు.

ప్రిస్కా కళ్లు ఒత్తుకుంటూ గుమ్మంలోకి వెళ్లి, వీధంతా వినబడేలా ఆచారం ప్రకారం చెప్పాల్సిన చివరి మాట చెప్పింది.

"వినండర్రా! మా ఇంట మగబిడ్డ పుట్టాడు!"

తొట్టిలో నీళ్లు బుడబుడమని పొంగాయి.

ఎనికా చేతిలో పాలగిన్నె ఒరిగిపోయింది. "అత్తయ్యా! ఆ మాట వెనక్కి తీసుకో! తీసుకో అత్తయ్యా!"

"ఏ మాటే?"

ఆవిరి ఇల్లంతా కమ్మేసింది. ఒళ్లో బరువు తగ్గింది. విటాలిస్ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎనికా రెండు చేతులతో పొదివి పట్టుకున్నా, ఉన్నిగుడ్డ మెల్లగా అణగి నేలకు అంటుకుపోయింది. ఆవిరి విడిపోయేసరికి ఆమె చేతుల్లో తడిగుడ్డ తప్ప ఏమీ లేదు. తొట్టి అంచు పట్టుకుని, నీళ్లలోకి ముఖం పెట్టి, గుండెలవిసేలా అరిచింది.

ఆ రోజు మడుగు దగ్గర, ఇక ఇంట్లో ఏ ప్రాణీ పుట్టకుండా చూసుకోవచ్చనుకుని ఆమె మొక్కిన మొక్కు ఇదే: "నా మనిషిని నాకు పంపు తల్లీ, ఇకమీదట మా ఇంట్లో పుట్టే తొలి ప్రాణం నీదే."