తమ్ముడి కొవ్వొత్తి

తొంభై ఆరు తుఫానులో కొట్టుకుపోయిన తమ్ముడి మీద నాన్న రాసిన నవలని కోట్లు పోసి సినిమా తీశారు. నవలలో వాడు మునిగిపోయే పేజీ నాకు కంఠతా వచ్చు. సినిమాలో మాత్రం బతికి ఒడ్డుకొస్తాడు.

అమలాపురం హాల్లోంచి బయటికొస్తూ, "జరిగింది జరిగినట్టు తియ్యడానికి వీళ్ళకేం రోగం?" అని మండిపడ్డాను. అమ్మ ఇంకా హాలు వైపే చూస్తోంది.

సమాధుల పండుగనాడు, సున్నం వేసిన తమ్ముడి సమాధి మీద కొవ్వొత్తి పెట్టి అగ్గిపుల్ల గీశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"బతికొచ్చినోడికి కొవ్వొత్తేంటే?"

"అది సినిమా అమ్మా! వాడు పోయాడని నాన్న రాశారు కదా."

"వాడు పోవడం మీ నాన్న చూసేరా?"

అగ్గిపుల్ల నా వేళ్ళదాకా కాలింది.

వాడి శవం దొరకలేదు. ఆ సమాధిలో మేం పూడ్చింది వాడి బడి చొక్కాని.