చల్లారాల్సిన మంచం

రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి పైడమ్మ ఇల్లు చేరేసరికి గోడమీది తెర మోగుతూనే ఉంది. అది మోగిందంటే మంచికి కాదు. కాళ్ళయినా కడుక్కోకుండా దాని ముందు కూలబడింది.

తెరలో సంక్షేమ శాఖ గుమాస్తా. "అమ్మా, మీ అబ్బాయి దివాకర్‌ని సర్కారు ఖర్చుమీద పుణె హాస్టల్లో పెట్టాం. ఇలాంటి జబ్బున్న పిల్లల్ని చూసుకునే చోటు మన రాష్ట్రంలో లేదనే కదా? మరి వాడు ఇంట్లోనే పడుకుంటున్నాడని మంచం చెబుతోంది. ఇంట్లో ఉండే పిల్లాడికి బయట సీటు ఇవ్వకూడదమ్మా, రూలు."

ఆ మంచమూ సర్కారు ఇచ్చిందే. పడుకున్నవాళ్ళ ఒంటి వేడిని కనిపెడుతూ, పిల్లాడికి ఫిట్స్ వస్తే అదే ఆస్పత్రికి కబురు పెట్టేది.

"ఆడు కాదు బాబూ, నానే తొంగుంటన్నాను," అంది పైడమ్మ. "ఆడి వాసన ఆ పరుపుకే ఉంది. ఇంకెక్కడా నేదు."

గుమాస్తా మంచం పంపిన లెక్కలు మళ్ళీ చూశాడు. "ముడుచుకుని పడుకుంటారు కాబోలు, మంచం మిమ్మల్నే పిల్లాడనుకుంది. నేను చెప్పినా యంత్రం వినదమ్మా. వారం పాటు మంచం చల్లగా ఉంటేనే సీటు నిలుస్తుంది."

"అలాగే బాబూ."

తలుపు మూసి, మంచం పక్కనే నేలమీద చాప పరుచుకుంది. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది, కన్ను మాత్రం మూతపడలేదు. చెయ్యి అలవాటుగా పరుపు మీదికి పాకబోయింది. సీటు గుర్తొచ్చి, ఆ చేతిని లాక్కుని తన తలకిందే అదిమిపెట్టుకుంది.