గులాబి పట్టీ

తుంటి విరిగి మంచాన పడి లేచిన వీరభద్రానికి ఆసుపత్రివాళ్లు పిక్కకు ఆయన పేరున గులాబి పట్టీ కట్టారు. ముసలివాళ్లందరికీ ఉండేదే; అది కండను కొలుస్తుంది, తగ్గితే పట్టీ ఎవరి పేరున ఉందో వాళ్ల పేరు చెప్పి ఇంటి గోడలోని స్పీకరు పైకి అంటుంది. "ఆడవాళ్ల రంగు నాకెందుకే" అని ఇంటికి రాగానే దాన్ని భార్య అనసూయకిచ్చి, ఆమె నీలం పట్టీ తాను కట్టుకున్నాడు.

"వీరభద్రంగారి కండ ఇంకా తగ్గింది" అని గోడ రోజూ అనేది. అనసూయ హడలిపోయి తన గుడ్డూ పాలూ ఆయనకే పెట్టి, తాను మజ్జిగన్నంతో సరిపెట్టుకునేది.

ఇవాళ ఆసుపత్రి నుంచి కసరత్తు చేయించడానికొచ్చిన నస్రీన్ ఆయన పిక్క నొక్కి చూసింది.

"రాయిలా ఉంది బాబాయ్‌గారూ. మరి గోడెందుకలా అంటోంది?"

అంతలో అనసూయ చీర అంచు కింద గులాబి రంగు కనబడింది.

"అయ్యో, గోడ చెబుతున్నది పిన్నిగారి కండ గురించండీ."

వీరభద్రం నోట్లో గుడ్డు అలాగే ఉండిపోయింది. ఈమధ్య అనసూయ వంటింట్లోంచి గోడ పట్టుకునే వస్తోందని ఆయనకప్పుడు తట్టింది.