గాలిమర పోయాక

పొలంలో నీళ్ళు తోడే పాత గాలిమరను మనుషులు విప్పేసి బండెక్కించి పట్టుకుపోయారు. ఆ పక్క తుమ్మచెట్టు మీదున్న గద్దపిల్ల ఇక ఎగరనని మొండికేసింది.

"పిండిమర పిండి ఇస్తుంది, గాలిమర గాలి ఇస్తుంది. అదే పోయాక నన్నెవరు మోస్తారమ్మా?" అని తల్లి దగ్గర ఏడ్చింది.

కింద ఎండిన తొట్టి నాకుతున్న ముసలి గేదె తలెత్తింది.

"ఓసి పిచ్చిదానా! ఆ మర గాలిని తిని నాకు నీళ్ళు పోసేది. దాహం నాదైతే ఏడుపు నీదా? తినేది పోయింది, గాలంతా నీకే మిగిలింది. దూకు!"

గద్దపిల్ల కళ్ళు మూసుకుని దూకింది. గాలి దాన్ని ఎత్తుకుంది. కాసేపటికి పైనుంచి కేక వినిపించింది.

"గేదవ్వా! గుట్ట వెనక మడుగుంది, నా నీడ వెంట రా!"